సిస్టరమ్మ ఇచ్చిన పిలక

జీవమణి ఎవరికీ మొక్క లేదని అనదు. ఈ మాట అమీర్‌పేటలో ఆమె ఉండే సందులో ఎవర్నడిగినా చెబుతారు. "సిస్టరమ్మది పెద్ద చెయ్యి," అంటారు. అడిగినవాళ్ళకి కాదనకుండా, అడగనివాళ్ళని పిలిచి మరీ, మేడ మీది మొక్క నుంచి ఒక పిలక తీసి, పాత పేపర్లో పొట్లం కట్టి, గుమ్మం దాకా వచ్చి చేతిలో పెడుతుంది. పదమూడేళ్ళుగా ఈ దానం సాగుతోంది. అది దానం కాదని, నికార్సయిన మోసమని ఎరిగినవాళ్ళు జీవమణి లెక్కలో ఇద్దరే. ఒకరు తను, రెండోవారు తన భర్త క్రీస్తుదాసు. ఆయన తెలిసి తెలిసీ నోరు మెదపలేదు గనక ఆయన్నీ నేరంలో కలిపే లెక్కెయ్యాలి.

మోసం అర్థం కావాలంటే ముందు మెదడు సంగతి చెప్పాలి.

మెదడు అనేది ఆ మొక్కకి సందులో వాళ్ళు పెట్టుకున్న పేరు. అదొక కాక్టస్. మామూలుగా అయితే ఆ జాతి చిటికెనవేలంత లావున, ఒళ్ళంతా బంగారు రంగు ముళ్ళతో నిటారుగా లేస్తుంది. కాడ కొసన ఒకే ఒక్క చుక్క ఉంటుంది, పెరుగుదలంతా ఆ చుక్క దగ్గరే. వేలల్లో ఒక మొక్కకి ఆ చుక్క దారి తప్పుతుంది. చుక్కగా ఉండాల్సింది గీతలా సాగుతుంది. అప్పుడు మొక్క పైకి పోవడం మానేసి, కోడిపుంజు జుట్టులా పక్కలకి విచ్చుకుంటుంది. విచ్చుకోవడానికి చోటు చాలక మడతలు పడుతుంది. మడత మీద మడత పడి, పదేళ్ళకి చూస్తే కుండీలో మనిషి మెదడు బోర్లించినట్టే ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లో ముప్పై రెండేళ్ళు నర్సుగా పనిచేసి అసలు మెదళ్ళని చూసిన జీవమణే ఆ పోలిక ఒప్పుకుంది. ఒకటే తేడా, మనిషి మెదడుకి ముళ్ళుండవు. "మా ఆయనకి అవీ ఉన్నాయి," అనేది ఆమె.

తెనాలి దగ్గరి పల్లె నుంచి పందొమ్మిదేళ్ళ వయసులో ఒక రేకు పెట్టె, ఒక బైబిలు, అదుపు లేని నోరు వెంటబెట్టుకుని నర్సు శిక్షణకి హైదరాబాదు వచ్చిన మనిషి జీవమణి. నలభై నాలుగేళ్ళు గడిచినా ఆమె నోట "ఏంటండీ" పోలేదు, "గారు" పోలేదు, కొంటెతనం అసలే పోలేదు. థియేటర్లో ఏ సర్జనైనా చిర్రుబుర్రులాడితే, సూపరింటెండెంటు గారు వరండాలో తిరుగుతున్నారని మెల్లగా చెవిన వేసేది. మరుక్షణం గదిలో అందరికీ ఎక్కడలేని మర్యాద వచ్చేది. సూపరింటెండెంటు ఆ రోజు సెలవులో ఉండేవాడు. క్రీస్తుదాసు మెదక్ వైపు వాడు. సనత్‌నగర్‌లో చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని. ఒకరోజు చూపుడువేలు తెగ్గోసుకుని వస్తే, కుట్లు వేస్తున్నంతసేపూ చెయ్యి పట్టుకున్నది ఈమే. రెండు డ్రెస్సింగులతో పోయే గాయానికి ఆయన ఏడుసార్లు వచ్చాడు. ఏడోసారి ఆమె, "గాయం మానిపోయిందండీ. ఇక చెప్పాల్సిందేదో చెప్పండి," అంది. ఆయన చెప్పాడు.

మెదడు ఆమె చేతికొచ్చింది పంజాగుట్టలో. ఆస్పత్రిలో మత్తు డాక్టరు గారి భార్య అరుణాదేవికి అక్కడ పెద్ద తోట ఉండేది. ఇల్లు కూలగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కట్టే రోజొచ్చినప్పుడు, ఆవిడ తన మొక్కని అడ్డంగా కోసి, ఒక చిన్న ముక్కని డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద అంటు కట్టి జీవమణి చేతికిచ్చింది. ఇస్తూ ఒక మాట చెప్పింది. "ఇది ఎప్పుడు కుళ్ళిపోతుందో చెప్పలేం మణీ. ఒక అసలు ముక్క ఎవరికైనా ఇచ్చి ఉంచు. నీది పోయిననాడు వాళ్ళ దగ్గరికెళ్ళి తెచ్చుకోవచ్చు." జీవమణి బుద్ధిగా తలూపింది. కానీ ఆ ఇంటి మెట్లు దిగేలోపే ఇలాంటి మొక్క అమీర్‌పేట మొత్తంలో తన ఒక్కదాని దగ్గరే ఉండాలని నిశ్చయించుకుంది. అరుణాదేవి ఇప్పుడు లేదు. ఆ మాట మాత్రం జీవమణిని వెతుక్కుంటూ ఆలస్యంగా వచ్చింది.

ఇక మోసం. మెదడు ఎంత వింతగా పెరిగినా, మడతల మధ్య నుంచి అప్పుడప్పుడు మామూలు పిలక ఒకటి నిటారుగా తన్నుకొస్తుంది. అది మొక్కకి పాత బుద్ధి గుర్తుకు రావడం. దాన్ని కొయ్యకపోతే పిలకలు బలిసి, మెదడుని మింగేసి, చివరికి మామూలు కాక్టస్ మిగులుతుంది. అందుకని జీవమణి ప్రతి శనివారం కళ్ళద్దాలు పెట్టుకుని, పదిహేనో నంబరు ఆపరేషన్ బ్లేడు స్పిరిటుతో తుడిచి, పిలకలని మొదలంటా తీసేది. తీసినవి పారెయ్యాలి. పారెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు.

అలాంటి ఒక శనివారం చర్చిలో స్త్రీల సమాజం అధ్యక్షురాలు రత్నమాల వచ్చి, "నాకూ ఒక మెదడివ్వమ్మా," అని అడిగింది. జీవమణి ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడే కోసిన పిలకని ఆమె చేతిలో పెట్టింది. "ఇది పిల్లండీ. పెరిగితే తల్లిలా అవుతుంది. ఓపిక కావాలి." చెప్పేటప్పుడు ముఖంలో ఒక్క నరం కదల్లేదు. రత్నమాల దీవించి వెళ్ళింది. వంటింట్లో క్రీస్తుదాసుకి పొరబోయింది.

ఆ తర్వాత చేతికి అడ్డే లేదు. కిరాణా కొట్టతను, ఇస్త్రీ బండి ఆమె, కోచింగ్ సెంటరు వాచ్‌మన్, రిటైరైన పోస్ట్‌మన్ రాజనర్సయ్య, అందరికీ తలా ఒక పిల్ల. ఏడాదికో రెండేళ్ళకో వాళ్ళు ముఖం వేలాడేసుకుని, "సిస్టరమ్మా, మాదింకా నిలువుగానే ఉన్నది," అని వచ్చేవాళ్ళు. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని, "తూర్పు ఎండ తగిలిందా?" అని అడిగేది. ఏ ఇంట్లో మాత్రం ఏదో ఒక మూల తూర్పు ఎండ తగలదు? "అయ్యో, తగలకూడదని చెప్పాను కదండీ!" ఆమె ఎన్నడూ చెప్పలేదు. కానీ ఆపరేషన్‌కి ముందు టిఫిన్ తిన్న పేషెంటుని చూసినట్టు చూసేసరికి, తామే మరిచిపోయామని వాళ్ళే నొచ్చుకునేవాళ్ళు. వాళ్ళు మెట్లు దిగాక ఆమె దిండులో ముఖం పెట్టుకుని నవ్వేది. నిజం చెప్పాలంటే, రిటైరయ్యాక ఆమెకి అంతకన్నా పెద్ద సరదా లేదు.

పిలక తీసుకుని మళ్ళీ అడగడానికి రాని మనిషి ఒక్కతే, స్వరాజ్యం.

స్వరాజ్యం పక్క బిల్డింగులో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. నాలుగంతస్తులు, నూట ఇరవై మంచాలు, సందు చివరి దాకా వినిపించే గొంతు. హాస్టల్ ట్యాంకు నిండి పొర్లితే ఆ నీళ్ళు జీవమణి మేడ మీద పడేవి. తలదువ్వుకునే పిల్లల వెంట్రుకలు గాలికొచ్చి కాక్టస్ ముళ్ళకి చిక్కుకునేవి. ఈ రెండింటి మీద వారానికోసారి గోడ మీదుగా మాటలయ్యేవి. తొమ్మిదేళ్ళ కింద ఆమె కూడా మొక్క అడిగింది. జీవమణి ఉన్నవాటిలో బక్కచిక్కిన పిలక ఏరి ఇచ్చింది. స్వరాజ్యం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిది సిస్టరమ్మా," అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. తను వేసిన వేషం చూడకుండా ఒక మనిషి లేచి వెళ్ళిపోయినట్టు జీవమణికి అదొక వెలితి.

కిందటేడు నవంబరులో చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ పండక్కి ఇంటింటి నుంచీ గుమ్మడికాయలు, చెరుకు గడలు, కోళ్ళు, మొక్కలు తెచ్చి బలిపీఠం ముందు పేరుస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. జీవమణికి ఉన్నట్టుండి తన మెదడుని అక్కడ నిలబెట్టి నలుగురూ నోరెళ్ళబెడితే చూడాలనిపించింది. గురువారమే తీసుకెళ్ళి గుమ్మడికాయల మధ్యన, అందరికీ కనపడేలా ఎత్తు బల్ల మీద పెట్టింది. "చూడ్డానికి మాత్రమే, వేలానికి కాదు" అని అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి గుచ్చింది. ఆమె ఊహించిన ప్రమాదాలన్నీ వేలం నుంచే. అట్ట మీద "నీళ్ళు పొయ్యవద్దు" అని రాయాలని తట్టలేదు.

చర్చి ఊడ్చే తాత మంచివాడు. దేవుడి ముందు పెట్టింది ఏదీ వాడిపోకూడదని ఆయన పట్టుదల. మూడు రోజులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, చెంబుతో అన్ని మొక్కలకీ కడుపునిండా నీళ్ళు పోశాడు. మెదడు ముఖం కాస్త పసుపుపచ్చగా కనిపించి దానికి ఇంకో చెంబు ఎక్కువే పోశాడు. ఆదివారం అందరూ నోళ్ళు తెరిచి చూశారు. జీవమణి గర్వంగా తల ఎగరేసుకుని కుండీ ఇంటికి తెచ్చుకుంది.

పదకొండో రోజు మడత మీద వేలు పెడితే లోపలికి దిగింది.

ఆమె కేక వెయ్యలేదు. కింద నుంచి మొగుణ్ణి పిలిచి, చేతులు కడుక్కోమంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బ్లేడు తీసి, మెత్తబడిన చోటు నుంచి కోసుకుంటూ వెళ్ళింది. ఒక్క తెల్లటి కండ దొరికినా చాలు, అంటు కట్టి బతికించుకోవచ్చు. ఒక మడత తీస్తే లోపల గోధుమరంగు. ఇంకొకటి తీసినా గోధుమరంగే. క్రీస్తుదాసు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. చివరి ముక్క కూడా గిన్నెలో పడ్డాక ఆమె బ్లేడు కింద పెట్టి, గట్టిగా ఏడ్చింది. థియేటర్లో ముప్పై రెండేళ్ళలో ఆమె అలా ఏడ్చింది లేదు.

"ఫోన్ల దొరుకుతయి మణీ. ఒకటి తెప్పిస్త," అన్నాడాయన.

"నాకు ఫోన్లోది వద్దండీ. నాది కావాలి."

ఆమెది అంటే, అరుణాదేవి చేత్తో ఇచ్చినది. ఆ వంశం ఇక మిగిలింది తను పంచిపెట్టిన పిలకల్లోనే. అలాంటి పిలక ఎప్పుడైనా, ఏ కారణానికో, మళ్ళీ దారి తప్పి మెదడుగా విచ్చుకోవచ్చు. జరిగే పనే, కానీ ఎవరింట్లో జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. పదమూడేళ్ళు అబద్ధంగా చెప్పిన మాట ఒక్క ఇంట్లోనైనా నిజమైతే బాగుండునని జీవమణి మొట్టమొదటిసారి మనసారా ప్రార్థన చేసింది. క్రిస్మస్ వెళ్ళగానే, మొక్కలెలా ఉన్నాయో చూసిపోదామని వచ్చానంటూ ఇల్లిల్లూ తిరిగింది.

రత్నమాల కుండీలో పుదీనా పెరుగుతోంది. ఇస్త్రీ బండి ఆమె పిలక పడమటి గోడ మీద ఎండిపోయి, అయినా పారెయ్యకుండా ఉంది. కిరాణా కొట్టతనిది బతికి ఉంది, నిలువుగా. రాజనర్సయ్యకి ఉన్నది ఒకటే గది. ఆయన పిలక పెరిగి పెద్దదై, కుండీ నిండా నలభై కాడలు లేచాయి, అన్నీ నిలువుగానే. కుండీ గది మధ్యలో, నీడలో, పీట మీద రాజాలా ఉంది. మంచం మాత్రం గుమ్మానికి అడ్డంగా, కాళ్ళు బయటికి వచ్చేలా వేసి ఉంది.

"మంచం ఇక్కడెందుకు వేశారండీ?" అని అడిగింది జీవమణి.

"తూర్పు ఎండ తగలొద్దన్నరు గద మేడమ్. నా రూముల ఎండ పడని జాగా అదొక్కటే ఉండె. మంచం జరిపిన. ఏడేండ్లాయె," అన్నాడు ఆయన సిగ్గుపడుతూ. "అయినా నాతోని అయితలేదు. నా చేతిల్నే ఏదో ఐబు ఉన్నది."

జీవమణికి నవ్వు రాలేదు. ఇచ్చిన టీ వేడిగా ఉండగానే తాగేసి బయటపడింది.

మిగిలింది స్వరాజ్యం ఇల్లు. అభిమానం అడ్డొచ్చి నాలుగు రోజులు ఆగింది. అయిదో రోజు, ట్యాంకు గొడవ మాట్లాడే నెపంతో హాస్టల్ మేడెక్కింది. బట్టలారేసే తీగల వెనక, ట్యాంకు పక్కన, పిడి విరిగిన ప్రెషర్ కుక్కర్ ఒకటి ఉంది. అందులో మెదడు. అరచేయంత వెడల్పు, మడత మీద మడత, ముళ్ళు బంగారంలా మెరుస్తున్నాయి. ఒక పక్కన పాత పసుపు మరక.

జీవమణి తీగ మీది బట్టలు పక్కకి తోసి దాని ముందు వంగింది.

"ఏంది సిస్టరమ్మా, గట్ల చూస్తున్నవ్? నువ్వే చెప్తివి గద, పెరిగితే తల్లిలెక్క అయితదని," అంది స్వరాజ్యం.

"ఏం చేశారండీ దీనికి?"

"నేనేం జేస్త? కుక్కర్ల పెట్టి ఇడ్సిపెట్టిన. ఆషాఢంల ఎల్లమ్మకు బోనం తీసేనాడు గడపకు, రోలుకు పెట్టినట్టు దీనికి సుత జర పసుపు పెడ్త. నాలుగేండ్ల సంది గిట్ల విచ్చుకున్నది. అంత ఆ తల్లి దయ."

జీవమణి గొంతు సవరించుకుని, జీవితంలో ఎవరినీ అడగనంత మెత్తగా, ఒక ముక్క కావాలని అడిగింది. స్వరాజ్యం ఎంతో సంతోషంగా లోపలికెళ్ళి కూరగాయల కత్తి తెచ్చింది. మెదడు పక్క నుంచి నిలువుగా లేచిన పిలక ఒకటి టక్కున కోసి, పేపర్లో చుట్టి చేతిలో పెట్టింది. "ఇది పిల్ల సిస్టరమ్మా. జర ఓపిక పట్టాలె."

ఈ మనిషికి తెలుసా, తెలియదా? మెట్లు దిగుతూ జీవమణి ఎంత ఆలోచించినా తేలలేదు.

తర్వాతి నెల తమ ఇంట్లో జరిగినదాన్ని క్రీస్తుదాసు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. బల్ల మీద, స్వరాజ్యం ఇచ్చినదీ, సందులో అడిగి తెచ్చుకున్నవీ కలిపి ఇరవై పిలకల ట్రే. దాని ముందు జీవమణి, భక్తిగల క్రైస్తవురాలు, సైన్సు తెలిసిన థియేటర్ నర్సు, కిరాణా కొట్టు పసుపు పొట్లం చేతబట్టుకుని, ఒక్కో పిలక నెత్తిన వేలితో చుక్క పెడుతోంది.

"గిదేంది మణీ?"

"మీరు కిందకి పొండి."

"పాస్టరు గారికి చెప్పాల్నా?"

"చెప్పండి. మీ తద్దినం కూడా ఆయన్నే పెట్టమనండి."

సరిగ్గా ఆ వారమే రత్నమాల నలుగురు ఆడవాళ్ళతో ఇంటింటి ప్రార్థనకి వచ్చి, గాలి బాగుంటుందని నేరుగా మేడెక్కింది. ఇరవై కాక్టస్‌లు పసుపు బొట్లతో వరసగా నిలబడి ఉన్నాయి. అందరూ వాటి వంక చూశారు. ఆ తర్వాత జీవమణి వంక చూశారు.

"యాంటీసెప్టిక్ అండీ," అంది జీవమణి. "కోసిన గాయానికి పసుపు పెడితే చీము పట్టదు. మా ఆస్పత్రిలో పెద్ద పెద్ద డాక్టర్లే చెప్పేవాళ్ళు."

రత్నమాల తలూపింది. ఆ రోజు ప్రార్థన మామూలుకన్నా చాలాసేపు జరిగింది.

మార్చి వచ్చినా పిలకలు నిలువుగానే ఉన్నాయి. ట్యాంకు పక్కన ఆ కుక్కర్ మాత్రం జీవమణి కళ్ళలోంచి పోలేదు. తెల్లారి లేస్తే ముందు ఆ మేడ వైపే చూసేది. ఎండాకాలం నడినెత్తికి రాకముందే అంటు కట్టాలి. ఇంకో ఏడాది ఆగితే స్వరాజ్యం హాస్టల్‌లో ఏ అమ్మాయో అందులో సబ్బునీళ్ళు పారబోస్తే, అరుణాదేవి మొక్క భూమ్మీద లేకుండా పోతుంది. ఒక మధ్యాహ్నం ఆమె హాస్టల్ వంటగదిలోకి వెళ్ళి, బియ్యం ఏరుతున్న స్వరాజ్యం ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"స్వరాజ్యం గారూ, నేను మీకిచ్చింది పిల్ల కాదు. పారెయ్యాల్సిన పిలక. మీకే కాదు, సందులో అందరికీ అదే ఇచ్చాను. తూర్పు ఎండ మాట కూడా అబద్ధం. నా మొక్క చచ్చిపోయింది. మీరు నాకు అసలు ముక్క ఇవ్వాలి."

స్వరాజ్యం బియ్యంలోంచి తల ఎత్తలేదు. "ఎరుకే," అంది.

"ఎప్పటి నుంచి?"

"మా మేడ మీదికెల్లి మీ మేడ సాఫ్ కనవడ్తది. శనివారం శనివారం గవి కోసి పక్కకేస్తుంటివి. పక్కకేసినవే మాకిస్తున్నవని మొదటి నెలల్నే సమజైంది. గందుకే పెంచిన. పారేసే దాన్నే పెంచి నీ ముందల పెడ్దమని పంతం పట్టిన. తొమ్మిదేండ్లు పట్టింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వే వస్తవని చూసిన," అని స్వరాజ్యం చాట పక్కన పెట్టింది. "ఇస్త. కానీ లైన్ ఉన్నది సిస్టరమ్మా. నువ్వు మోసం జేసినోల్ల ఇండ్లకు నువ్వే పోవాలె, నువ్వే చెప్పాలె, నువ్వే అంటు గట్టి ఇయ్యాలె. సగం నాకు ఇడ్సిపెట్టి, కడమ సగంల అందరికీ ఇచ్చినంక మిగిల్తే నీకు."

జీవమణి ఇంటింటికీ వెళ్ళింది. కిరాణా కొట్టతను పగలబడి నవ్వాడు. ఇస్త్రీ బండి ఆమె నెల రోజులు చీరలు ఆలస్యంగా ఇచ్చింది. రత్నమాల ఆమెని స్త్రీల సమాజంలో నిలబెట్టి సాక్ష్యం చెప్పించింది. పసుపు సంగతి దగ్గరికొచ్చేసరికి సమాజమంతా పమిటలు నోట్లో కుక్కుకుంది. రాజనర్సయ్య మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. అంతా విని, "అయితే మంచం జరుపుకోవచ్చునా మేడమ్?" అని అడిగాడు. జీవమణి తనే ఒక పక్క పట్టి ఆ మంచం లోపలికి జరిపింది.

ఉగాది మరుసటి శనివారం హాస్టల్ మేడ మీద ఆపరేషన్ జరిగింది. తొమ్మిది మందికి తొమ్మిది డ్రాగన్ ఫ్రూట్ కాడలు వరసగా నిలబెట్టారు. క్రీస్తుదాసు రబ్బరు బ్యాండ్లు అందించాడు. స్వరాజ్యం కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. జీవమణి మెదడుని నిలువునా రెండు చేసి, ఒక సగం కుక్కర్లోనే ఉంచింది. రెండో సగం నుంచి ఒక్కో ముక్క కోసి, కాడ మీద కండకి కండ ఆనేలా పెట్టి, బ్యాండుతో బిగించింది. ఎనిమిది అయ్యాయి. చివరి ముక్క రాజనర్సయ్యది. చింతగింజ కన్నా కాస్త పెద్దది. పల్చగా కోస్తే రెండవుతుంది, పదోది తనకి వస్తుంది. కానీ పల్చటి ముక్క అతుక్కుంటుందన్న నమ్మకం లేదు. అది పోతే రాజనర్సయ్య మళ్ళీ తన చేతినే తప్పుపట్టుకుంటాడు.

బ్లేడు ముక్క మీద ఆగింది. స్వరాజ్యానికి చత్వారం, ఈ తేడా ఆమెకి కనపడదు. క్రీస్తుదాసుకి కనపడుతుంది. ఆయన పెళ్ళాం చేతిని చూసి, చూపు తిప్పుకుని ట్యాంకు వైపు చూశాడు. జీవమణి మొగుణ్ణి మనసులోనే తిట్టుకుని, ముక్కని ముక్కలాగే కాడ మీద పెట్టి బ్యాండు బిగించింది.

"మిగిలిందా?" అంది స్వరాజ్యం.

"లేదండీ."

"వచ్చే ఏడాది నా సగం పెరుగుతది. గప్పుడు నీది. ఫికర్ జేయకు."

తొమ్మిదీ అతుక్కున్నాయి. ఎవరి మెదడు ఎంత వెడల్పయిందో కొలుచుకోవడం సందులో కొత్త ఆటైంది. తమ మొక్కకి తూర్పు ఎండ బాగా పడుతోందని కొందరు ఆమె వినేలా గట్టిగా చెప్పుకునేవాళ్ళు. జీవమణి పసుపు మానేసింది. ట్రేలో పిలకలకి మాత్రం నీళ్ళు పోస్తూనే ఉంది.

ఆషాఢం వచ్చింది. బల్కంపేట వైపు నుంచి డప్పులు వినిపిస్తున్న ఒక శనివారం పొద్దున రాజనర్సయ్య చేతిలో పేపరు పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు. అంతకుముందు రోజు ఆయన మెదడు పక్కన నిలువుగా ఏదో లేచిందట. కొయ్యమంటారా అని ఫోన్లో అడిగితే, మొదలంటా తీసెయ్యమని ఆమే చెప్పింది.

"కోసిన మేడమ్. పారేసెటందుకు మనసొప్పలే," అని పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. "మీ దగ్గర లేదు గద, తెచ్చిన. ఇది పిల్ల. పెరిగితే తల్లిలెక్క అయితది."

జీవమణి ఆయన ముఖంలోకి చూసింది. పదమూడేళ్ళు తను ఎంత జాగ్రత్తగా పెట్టుకుందో, అంత జాగ్రత్తగా పెట్టుకున్న ముఖం. ఒక్క నరం కదల్లేదు. వెనక వంటింట్లో క్రీస్తుదాసుకి పొరబోయింది.

ఆమె పొట్లాన్ని రెండు చేతులా అందుకుంది. "ఓపిక కావాలి కదండీ," అంది.

"మస్తు ఓపిక గావాలె," అన్నాడు రాజనర్సయ్య. రెండు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. "తూర్పు ఎండ మాత్రం తగలనియ్యకుండ్రి మేడమ్."